కాందిశీకులు – కేంద్ర ఖజానా

ఢిల్లీలో కాపురముండు తెలుగువారికి లజపత్ నగరు, రాజిందర్ నగరు, పటేల్ నగరు, మాలవీయ నగరు అను పేర్లు నోటికి బాగుగా అలవాటైనవే. అద్దె యింటి కొరకో, ఆదివారపు బజారు కొరకో ఆ పేటలలో తిరుగని తెలుగు ఉద్యోగి కుటుంబము అరుదు. ఒకే కొలతతో కోసినట్లుండు ఆ యిండ్ల స్థలములు, సర్వస్వమును పోగొట్టుకొని వచ్చిన వారి కొరకు ప్రభుత్వ ధనముతో ఏర్పడినవని పెద్దలకు తెలియును, పిల్లలకు తెలియదు. ఖాన్ మార్కెట్టు పేరు సరిహద్దు రాష్ట్రపు నాయకుడైన డాక్టరు ఖాన్ సాహెబును స్మరించునదని ఎరిగినవారు ఇంకను తక్కువ. ఆ ధనము ఏ లెక్కన ఎవరికి చేరినది, ఎవరికి చేరలేదు అను సంగతి మాత్రము, ఫైళ్ళతో పొద్దు గడుపువారు తెలిసికొనదగినది.

1947 వేసవి చివర పంజాబు రెండుగా చీలినప్పుడు జరిగిన హత్యాకాండలో మృతులు రెండు లక్షలని కొందరు, పది లక్షలని కొందరు అంచనా వేసిరి. చనిపోయినవారిని లెక్కించిన వారు లేరు. బ్రతికి వచ్చినవారి లెక్క మాత్రము 1951 జనాభా గణనలో దొరకినది: సుమారు 73 లక్షలు. అందులో పశ్చిమ పాకిస్తాను నుండి వచ్చినవారు సుమారు 47 లక్షలు. తూర్పు బెంగాలు నుండి అప్పటికి వచ్చినవారు సుమారు 25 లక్షలు. 1947 సెప్టెంబరులో కేంద్రమున సహాయ పునరావాస మంత్రిత్వశాఖ ఏర్పడినది. తొలి మంత్రి కె.సి. నియోగి. ఆయన స్వయముగా తూర్పు బెంగాలు రాజకీయములలో పెరిగినవాడన్నది ముందు ముందు జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

ఇంతటి కార్యమునకు ఆనాటి బడ్జెటులో పద్దు లేదు. బ్రిటిషువారు వదలి వెళ్ళిన నియమావళులలో కరవునకు ఒక పద్ధతి కలదు. కరవు పనులు, కూలి, గంజి కేంద్రములు అన్నియు అందులో వ్రాసియున్నవి. కాని పొరుగువాని చేతిలో ఇల్లు కాలి, ఆ యిల్లు ఉన్న ఊరే పరదేశమైపోయిన వానికి ఏమి ఇయ్యవలెనో చెప్పు నియమము ఎచ్చటను లేదు. పోయినదానికి మారు ఇయ్యవలెనా, లేక బ్రతుకుటకు చాలినంత ఇయ్యవలెనా? ఈ రెండు ప్రశ్నలును పైకి ఒకటిగనే కనుపించును. ఆచరణలో రెండింటికిని నడుమ గల అంతరమే ఈ చరిత్రయంతయు.

మొదటి నెలలలో ప్రశ్నకు తావే లేదు. కురుక్షేత్రమున ఒక లక్షమందికని తలపెట్టిన శిబిరములో దానికి మూడింతలు జనము చేరిరి. దినమునకు ఇరువదివేలమంది వరకు వచ్చిన దినములున్నవి. పిండి, పప్పు, కంబళ్ళు, గుడారములు, మశూచి టీకాలు – వ్యయమునకు ముందు మంజూరు, మంజూరుకు ముందు అంచనా అను క్రమము తలక్రిందులైనది. ఆకలిగొన్నవానిని నీకు లాయల్పూరులో ఎన్ని యెకరములుండెనని అడిగినవారు లేరు.

పంజాబులో భూమి పంపకము దాకా వచ్చుసరికి ఆ ప్రశ్న అడుగక తప్పలేదు. హిందువులు, సిక్కులు పశ్చిమ పంజాబులో వదలి వచ్చిన భూమి సుమారు 67 లక్షల ఎకరములు. ముస్లిములు తూర్పు పంజాబులో వదలి పోయినది సుమారు 47 లక్షల ఎకరములే. అదియును కాలువనీరు పారు అచటి నేలకు ఏమాత్రము సాటిరానిది. 20 లక్షల ఎకరముల కొరతను, సారములోని కొరతను కలిపి ఎవరి తలపై ఎంత వేయవలెను? ఈ లెక్క తేల్చు భారము తర్లోక్ సింగు అను ఐ.సి.ఎస్. అధికారిపై పడెను. ఆయన లండనులో అర్థశాస్త్రము చదివినవాడు. పునరావాస డైరెక్టరు జనరలుగా జలంధరులో కూర్చుండి పనిచేసెను.

ముందుగా ప్రభుత్వము ప్రతి సేద్యపు కుటుంబమునకును పది యెకరములు తాత్కాలికముగా ఇచ్చినది. పాకిస్తానులో ఎంత ఉండెనన్న విచారణ లేదు. విత్తనములకు, పనిముట్లకు అప్పులు కూడ ఇచ్చిరి. పైరు కాలము దాటిపోరాదు, ధాన్యము పండవలెను; అంతే. ఆ తరువాత శాశ్వత పంపకము కొరకు దరఖాస్తులు పిలువగా, 1948 మార్చి నాటికే అయిదు లక్షలు వచ్చినవి. వాటిని పరిశీలించుటకు ఏడువేలమంది ఉద్యోగులు జలంధరులో చేరిరి. ఆ పట్టణములో వారిదే ఒక గుడారముల పేట.

దరఖాస్తుల పరిశీలనా విధానము ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. ఒక గ్రామము నుండి వచ్చినవారినందరిని ఒకచోట కూర్చుండబెట్టి, ఒక్కొక్కరి దరఖాస్తును ఉద్యోగి బిగ్గరగా చదివెడివాడు. అది నిజమో, హెచ్చో, కల్లయో ఆ గ్రామస్థులే చెప్పవలెను. ఇంటికి పెరడున్నదా, బావి ఎవరిది, పాలివాడు ఎవడు అను సంగతులు పట్వారీ కాగితము కంటె పక్కింటివానికి బాగుగా తెలియును. మొదట చాలామంది హెచ్చించి వ్రాసిరి. పోగొట్టుకొన్నవాడు తన పోయిన ఆవును గంగిగోవుగా చెప్పుకొనుట లోకసహజము. పట్టుబడినవారికి శిక్షలు కూడ పడినవి. తరువాత పశ్చిమ పంజాబు నుండి రెవిన్యూ పత్రములు వచ్చినప్పుడు సరిచూచుకొనిరి. ఊరే లేకుండ పోయిన పిమ్మట కూడ ఊరి సాక్ష్యము మిగిలియుండుట, దానిని ప్రభుత్వము ప్రమాణముగా అంగీకరించుట, పాలనాచరిత్రలో చిన్న విషయము కాదు.

నేలల సారభేదమును తీర్చుటకు తర్లోక్ సింగు ‘ప్రామాణిక ఎకరము’ అను కొలతను తెచ్చెను. 10, 11 మణుగుల ధాన్యము పండు భూమి ఒక ప్రామాణిక ఎకరము. ఉత్తరదేశపు మణుగు మన మణుగుకంటె చాల పెద్దది, సుమారు 37 కిలోలు. కాలువక్రింది నేలలో ఒక్క యెకరమే ప్రామాణిక ఎకరము కాగా, తూర్పు జిల్లాల మెట్టలో నాలుగెకరములు కలిసిన గాని ఆ లెక్కకు రావు. ఇక కొరతను పంచుటకు తరతమములతో కోత విధించిరి. మొదటి పది యెకరములలో నూటికి 25 వంతులు కోత. అనగా పది యున్నవానికి ఏడున్నర దక్కును. ఆస్తి పెరిగినకొలది కోతయు పెరిగి, 500 ఎకరములు దాటిన భాగములో నూటికి 95 వంతులకు చేరును. ఆదాయపుపన్ను శ్లాబులు ఎరిగిన ఉద్యోగికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. కాని పన్ను పట్టిక ముందు పెట్టుకొని కూర్చున్నవారు ఆస్తి తగులబడి వచ్చినవారన్నది మరువరాదు. 1949 నవంబరు నాటికి రెండున్నర లక్షల పంపకములు పూర్తియైనవి. పెద్ద కమతములు చాలవరకు కరిగిపోయినవి. భూసంస్కరణ అను పేరు పెట్టక చేసిన భూసంస్కరణ అని దానిని అనవచ్చును.

అయినను ఈ ఘనకార్యములో ఒక మెలిక కలదు. తాత్కాలిక పంపకము అవసరమును బట్టి జరిగినది. శాశ్వత పంపకము హక్కును బట్టి జరిగినది. ఈ రెంటి నడుమ జారిపోయినవాడు కౌలుదారు. పశ్చిమ పంజాబులో పరుల భూమి దున్నుకొనినవాడును అదే రైలులో, అదే కత్తుల నడుమ వచ్చినాడు. కాని సొంత భూమి చూపలేని వానికి శాశ్వత పంపకములో వంతు లేదు. పట్టణవాసుల విషయమును అట్లే. 1950 నాటి క్లెయిముల చట్టము స్థిరాస్తినే లెక్కించినది. దుకాణములోని సరకు, కొట్టములోని గేదె, మెడలోని బంగారము లెక్కలోనికి రావు. తండ్రి ప్రాణమునకును, మగని ప్రాణమునకును ఆ ఫారములో గడి లేదు.

అట్టివారి కొరకు వేరొక పద్దు తెరచిరి. ఒంటరి స్త్రీల విభాగమును రామేశ్వరీ నెహ్రూ నడిపినది. వారికి ఆశ్రమములు, కుట్టుపని శిక్షణ, నెలకింత భత్యము. ఆమెయు, ఆమెతోడి కార్యకర్త్రులును చేసిన సేవ మాన్యమైనది. కాని మగని పొలమునకు పరిహారము హక్కుగా వచ్చుటకును, మగడు లేనందుకు భత్యము దయగా వచ్చుటకును భేదము, పుచ్చుకొను చేతికి తెలియును.

పరిహారమునకు ధనమెచ్చటిది? చాలవరకు వెళ్ళిపోయిన ముస్లిముల ఆస్తియే. 1950లో నిర్వాసితుల ఆస్తుల నిర్వహణ చట్టమును, 1954లో పరిహార పునరావాస చట్టమును వచ్చినవి. రెండవదానితో ఆ ఆస్తియంతయు ఒక ‘పరిహార నిధి’గా కేంద్రమునకు సంక్రమించినది. చిన్న క్లెయిములకు హెచ్చు వంతు, పెద్ద క్లెయిములకు తక్కువ వంతు అను నీతి ఇచటను పాటించిరి. ఇందులో చెప్పక తప్పని మరొక ముఖము కలదు. దేశము విడువని ముస్లిములు కొందరు, అల్లరులకు జడిసి ఇల్లు వదలి మరొక పేటలో తలదాచుకొన్నవారు, లేక బంధువులు సరిహద్దు దాటినవారు, తమ యిండ్లను కస్టోడియను అధీనమునుండి విడిపించుకొనుటకు ఏండ్ల తరబడి తిరుగవలసివచ్చెను. ‘వెళ్ళ తలంచినవాడు’ అను వర్గము కూడ ఆ చట్టములో కొంతకాలముండెను. ఒకని గాయమునకు కట్టు కట్టు గుడ్డను మరియొక గాయపడినవాని ఒంటినుండి తీసిన సందర్భములు లేకపోలేదు.

ధనమును పనిగా మార్చిన ప్రయోగములు రెండింటిని ఇచట తలచుకొనవలెను. కర్నాలు దగ్గర బురదనేలలో ఎస్.కె. డే అను ఇంజనీరు కురుక్షేత్ర శిబిరవాసులను వెంటబెట్టుకొని నీలోఖేరీ పట్టణమును కట్టించెను. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సామాజికాభివృద్ధి పథకములకు అదియే నమూనా. మన తాలూకాలలో బ్లాకు ఆఫీసులు వెలసినవన్న ఆ బురదనేల పుణ్యమే. ఫరీదాబాదు కథ ఇంకను రసవంతమైనది. వాయవ్య సరిహద్దు నుండి వచ్చిన పఠాను దేశపు హిందువులు, సిక్కులు తమ యిండ్లను తామే కట్టుకొందుమని పట్టుబట్టిరి. కంట్రాక్టరుకు పోవు సొమ్ము కూలిగా వారికే చేరినది. వ్యాపారము తప్ప తాపీ పట్టి ఎరుగని చేతులు ఇటుకలు పేర్చినవి. నెహ్రూ స్వయముగా అభివృద్ధి మండలి సమావేశములకు వచ్చెడివాడు. జర్మనీనుండి యుద్ధ పరిహారముగా మన దేశమునకు దక్కిన డీజిలు విద్యుత్ యంత్రములు ఆ పట్టణమునకు వెలుగిచ్చినవి. కొన్నాళ్ళకు మంత్రిత్వశాఖ నేరుగా పగ్గములు తీసికొన్న మీదట ఆ సహకార ఉత్సాహము సన్నగిల్లినది. ఆ మొదటి యేండ్ల కథను ఎల్.సి. జైన్ గ్రంథస్థము చేసెను.

ఇంతవరకు చెప్పినది పశ్చిమపు సంగతి. తూర్పున కథ వేరు.

పంజాబులో ప్రళయము ఒక్కమారుగా వచ్చి వెళ్ళినది. ఇరువైపులను జనము దాదాపు పూర్తిగా మారిరి. బెంగాలులో అట్లు కాదు. 1946లో నౌఖాలీ, 1950లో బరిసాలు, ఖుల్నా, 1964లో మరల – అలలుగా అల్లరులు, అలలుగా జనము. వీరు తిరిగి పోవుదురు, పోవలెను అన్నది ఢిల్లీ నమ్మకము. 1950 ఏప్రిలు 8న నెహ్రూ, లియాఖత్ అలీలు చేసికొన్న ఒడంబడిక ప్రకారము వలస వచ్చినవారికి తమ ఆస్తిపై హక్కు నిలిచియుండును. కాగితము మీద ఇది మేలే. ఫలితము మాత్రము విపరీతమైనది. హక్కు నిలిచియున్నది గనుక ఆస్తి పోయినట్లు కాదు. పోలేదు గనుక పరిహారము లేదు. ఇటు పశ్చిమ బెంగాలులో ముస్లిముల ఆస్తి ప్రభుత్వమునకు సంక్రమింపలేదు గనుక పరిహార నిధియు లేదు. ఒడంబడికకు అసమ్మతి తెలిపి రాజీనామా చేసిన మంత్రులిద్దరిలో ఒకరు శ్యామప్రసాద్ ముఖర్జీ. రెండవవాడు, అప్పటికి వాణిజ్యశాఖలో నున్న ఆ కె.సి. నియోగియే.

1949 డిసెంబరులో ముఖ్యమంత్రి డాక్టరు బి.సి. రాయ్ ప్రధానికి వ్రాసిన లేఖలోని లెక్క ప్రసిద్ధము. రెండు సంవత్సరములలో కేంద్రమునుండి వచ్చిన గ్రాంటు మూడు కోట్లకు కొంచెము మించినది. మరి యైదు కోట్లు అప్పు. అప్పటికి వచ్చినవారు 16 లక్షలు కాగా తలకు సుమారు ఇరువది రూపాయలు పడెనని ఆయన లెక్క గట్టెను. వైద్యుడు గనుక నాడి చూచి చెప్పినట్లే చెప్పెను. ఢిల్లీలో దీనికి సమాధానములుండెను: పంజాబులో భూమి ఖాళీ యైనది, ఇచట కాలేదు, పంజాబు సైనికముగా ముఖ్యమైన సరిహద్దు, బెంగాలులో ఇయ్యజూపిన కొలది ఇంకను వత్తురు. ఈ కడపటి వాదమును గూర్చి ఒక్కమాట. ఇరువది రూపాయల కొరకు పుట్టిన ఊరు విడుచువాడు ఎవడును ఉండడు.

శియాల్దా స్టేషను ప్లాటుఫారములపై సంసారములు సాగినవి. రాణాఘాటు వద్ద కూపర్సు క్యాంపు వంటివానిలో వేలకొలది జనము భత్యముపై ఏండ్లు గడపిరి. చదువుకొన్న మధ్యతరగతివారు కలకత్తా దక్షిణమున ఖాళీ స్థలములను, పాత సైనిక శిబిరములను ఆక్రమించి తామే కాలనీలు కట్టుకొనిరి, బిజయగఢ్ అట్టిదే. ప్రభుత్వపు మాటలో వారు ఆక్రమణదారులు. ఇక మగదిక్కు లేని స్త్రీలను, ముసలివారిని, రోగులను వేరుచేసి ఉంచిన శిబిరములకు సర్కారు పెట్టిన పేరు ‘శాశ్వత భారము’. కార్యాలయ భాషలో ఇట్టి పేరు పద్దుల సౌకర్యము కొరకే పుట్టును. కాని ఆ మాటను అట్టపై వ్రాసిన గుమాస్తాకు, ఆ అట్టలోని మనిషి చదువనేర్చినదైతే ఏమనుకొనునను ఆలోచన వచ్చియుండదు.

శిబిరములను మూసివేయవలెనన్న నిశ్చయముతో 1958లో దండకారణ్య పథకము మొదలైనది. ఆంధ్ర, మధ్యప్రదేశ్, ఒరిస్సా మూడింటి అటవీభూములను మొదట ఆలోచనలోనికి తీసికొన్నను, పని ముఖ్యముగా కోరాపుట్టు, బస్తరు ప్రాంతములలో జరిగినది. సీలేరునది కావలి ఒడ్డుననున్న మల్కనగిరి మన విశాఖ మన్యమునకు పొరుగే. వచ్చినవారిలో అత్యధికులు నామశూద్రులు. వరి, చేప, పడవ తెలిసినవారు. రాతినేలలో, వాననీటిపై ఆధారపడి కుటుంబమునకు ఆరేడెకరములు. ఒప్పుకొననివారికి భత్యము ఆగిపోవును. అడవి ఎవరిదన్న ప్రశ్న కూడ ఉండెను: చదును చేసిన భూమిలో నాల్గవవంతు ఆదివాసులకని నిర్ణయించిరి, కాని మొత్తము తమ అడవియే యని తలంచువారికి నాల్గవ వంతు వరమెట్లగును? పథకాధ్యక్షుడుగా పనిచేసి 1964లో తప్పుకొన్న శైబాల్ గుప్త, నేలల పరీక్ష సరిగా జరుగలేదని, రైతు బ్రతుకదగిన పంట రాదని బహిరంగముగా వ్రాసెను. లోపలనుండి చూచిన అధికారి అట్లు వ్రాయుట అరుదు.

1978లో దండకారణ్యమునుండి లక్షకు పైగా జనము బెంగాలునకు తిరిగి నడచిరి. అందులో వేలమంది సుందరవనములలోని మరీచ్‌ఝాపీ ద్వీపము చేరి, ప్రభుత్వమునడుగకయే బడి, వీధులు, చేపల వ్యాపారము ఏర్పరచుకొనిరి. 1979లో దిగ్బంధము, మే నెలలో పోలీసు బలముతో ఖాళీ చేయించుట జరిగినవి. ఎందరు మరణించిరన్న లెక్క నేటికిని వివాదగ్రస్తమే.

తెలుగునాట ఈ కథకు రెండు చిన్న కొనలు తగిలినవి. ఆదిలాబాదు జిల్లాలో కాగజ్‌నగరు చెంత ఈస్‌గాం పరిసరములలో తూర్పు బెంగాలు కుటుంబములు స్థిరపడినవి. ఆ పల్లెలలో చేపల కూర వాసనయు, దుర్గాపూజయు నిలిచినవి, తెలుగును వచ్చినది. రెండవది బర్మా తెలుగువారిది. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలపై దాడులు జరిగి ఎందరో హతులైనప్పుడు పునరావాసమను శాఖయే లేదు. 1964 మొదలు, బర్మాలో దుకాణములు జాతీయము చేసిన పిమ్మట, ఓడలలో విశాఖపట్నము తిరిగివచ్చినవారికి మాత్రము ఆ శాఖయుండెను, అప్పులుండెను. అచటి బర్మా క్యాంపు అను పేట పేరు ఆ రాకకు గుర్తు.

ఢిల్లీ మరల 1984 నవంబరులో కాలినది. నగరములో మృతులైన సిక్కులు 2,733 మంది యని 1987లో అధికారికముగా తేల్చిరి. ఈసారి లెక్క ఎకరములతో కాదు, ప్రాణములతో మొదలైనది. మొదట మృతుని కుటుంబమునకు పదివేలు, పిదప ఇరువదివేలు. 1996లో ఢిల్లీ హైకోర్టు, ప్రాణరక్షణ రాజ్యము యొక్క బాధ్యతయని నిర్ణయించి రెండు లక్షలును, వడ్డీయును చెల్లింపుమనినది. 2006లో కేంద్రము మరి మూడున్నర లక్షలును, 2014లో అయిదు లక్షలును మంజూరు చేసినది. ఈ మొత్తములలో కేంద్రమిచ్చినవానికి పెట్టిన పేరు ‘ఎక్స్‌గ్రేషియా’. అనగా అనుగ్రహముగా ఇచ్చునది. హైకోర్టు వాడిన మాట పరిహారము. తిలక్ విహారులోని విధవరాండ్ర కాలనీలో ఈ రెండు పేర్ల సొమ్మును పుచ్చుకొన్నవారే ఉన్నారు. 1984లో చంకబిడ్డలైనవారు 2006 నాటికి ఇరువది దాటినవారు.

1950, 1954 నాటి చట్టములను పార్లమెంటు 2005లో రద్దుచేసినది. నిర్వాసితుల ఆస్తి అను మాట ఆనాటితో శాసన గ్రంథములనుండి తొలగినది. బెంగాలు వైపు వారికి ఆ చట్టముల క్రింద పరిహారము అంతవరకును రాలేదు.